సైనికుని జేబులోని ఎలుగుబంటి



ఎవరి స్మృత్యర్థమై ఏటేట ఈ ఉపన్యాసము జరుగుచున్నదో ఆ పెద్దలు తమ జీవితకాలమంతయు ఊరూర తిరిగి, అటకలమీద చెదలు తినుచున్న తాళపత్రములను, కరణముల ఇండ్లలోని దండకవిలెలను, పొయ్యిలో పెట్టబోయిన పాత జాబులను బ్రతిమాలి తెచ్చి భద్రపరచినవారు. రాజుల శాసనములను కాపాడుటకు ప్రభుత్వములు కలవు, సామాన్యుని కాగితమును కాపాడువారెవ్వరని వారు తఱచుగా అడుగుచుండెడివారు. అట్టివారి పేర ప్రసంగింప బూనినప్పుడు, ఒక సామాన్యుని వస్తువును గూర్చి, అందును ఏ పాండిత్యమునకును ఆకరము కాజాలని ఒక అల్పవస్తువును గూర్చి మాటలాడుటయే వారికి తగిన నివాళి యని నాకు తోచినది.

ఆ వస్తువు కెనడా రాజధానియైన ఒట్టావా నగరమున, కెనడియన్ వార్ మ్యూజియములో ఉన్నది. ఫిరంగులును, యుద్ధశకటములును, పతాకములును, పతకములును కొలువుదీరిన ఆ విశాలభవనములో, వానిమధ్య నొక చిన్న ఎలుగుబంటి బొమ్మ, చొక్కాజేబులో ఇమిడిపోవునంతటిది. దానికి కన్నులు లేవు. వెనుక కాళ్లు రెండును లేవు. ముందు కాళ్లును, చిన్న చెవులును, చేతుల రాపిడికి అరిగిన ఒడలును మిగిలియున్నవి. ఏ పిల్లల అంగడిలోనో ఇట్టి బొమ్మను చూచినచో మనము చేతికైన తీసికొనము. ప్రథమ ప్రపంచసంగ్రామమునకు సంబంధించిన వస్తువులలో నాకు దీనికంటె గొప్పది కానరాదని చెప్పుటకు నేను సంకోచింపను. ఏల చెప్పుచున్నానో విన్నవించెదను.

క్విబెక్ రాష్ట్రమున ఈస్ట్ ఫార్నమ్ అను పల్లెలో లారెన్స్ బ్రౌనింగ్ రాజర్స్ అను ఒక రైతు ఉండెను. భార్య, బిడ్డలు, పొలము, పశువులు. ఆతని లోకము అంతియే. 1915వ సంవత్సరమున ఆతడు సైన్యమున చేరి, అయిదవ కెనడియన్ మౌంటెడ్ రైఫిల్స్ అను దళముతో సముద్రము దాటి పశ్చిమ రంగమునకు పోయెను. పేరునకు ఆశ్వికదళమే గాని, 1916 ఆరంభమునాటికి గుఱ్ఱములను విడిచి పదాతిదళముగా మారి కందకములలో దిగిన దళమది. అందు ఆతనికి క్షతగాత్రుల సేవ లభించినది. ఇంటనున్న కుమార్తె ఎయిలీన్‌కు అప్పటికి పదేండ్ల ప్రాయము. నాన్నకు ఆపద రాకుండ కాపాడునని ఆ చిన్నది తన ఎలుగుబంటిని ఆతని కంపినది. మన తల్లులు పొరుగూరు పోవు బిడ్డ దండకు తాయెత్తు కట్టినట్లే ఆ బిడ్డ తండ్రికి తాయెత్తు కట్టినదనవలెను; అయితే ఇచట కట్టినది బిడ్డ, కట్టించుకొన్నది తండ్రి.

ఈ ఎలుగుబంటి జాతి బొమ్మల చరిత్రను గూర్చి ఒక్కమాట చెప్పి ముందునకు సాగెదను, ఏలయన అది విషయమునకు బాహ్యము కాదు. 1902వ సంవత్సరమున అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు మిసిసిపీ అడవులలో వేటకు పోయినప్పుడు, అనుచరులు చెట్టునకు కట్టివైచి చూపిన ఎలుగుబంటిని కాల్చుటకు ఆయన సమ్మతింపలేదు. ఆ సంగతిని ఒక వ్యంగ్యచిత్రకారుడు వాషింగ్టన్ పోస్టు పత్రికలో చిత్రింపగా, బ్రూక్లిన్‌లోని ఒక మిఠాయి దుకాణదారు ఆ అధ్యక్షుని ముద్దుపేరుతో గుడ్డ ఎలుగుబంటిని కుట్టించి అమ్మకమునకు పెట్టెను. ఇంచుమించుగ ఆ దినములలోనే జర్మనీ దేశమున గీంగెన్ అను పట్టణములో మార్గరెటె స్టైఫ్ అనునామె స్థాపించిన బొమ్మల కర్మాగారము, ఆ బ్రూక్లిన్ దుకాణపు సంగతి ఎరుగకయే, అట్టి ఎలుగుబంటినే తయారుచేసి 1903లో లైప్‌సిగ్ సంతలో ప్రదర్శించెను. పదునొకండేండ్లు గడచునప్పటికి యుద్ధము వచ్చెను. అనగా, ఆ కందకములకు ఈవలి వైపునను ఆవలి వైపునను నిలిచి పరస్పరము తుపాకులు గురిపెట్టుకొన్నవారి ఇండ్లలో బిడ్డలు రాత్రివేళ కౌగిలించుకొని పండుకొనినది ఒకే జంతువును. యుద్ధచరిత్రలు వ్రాసినవారు ఉక్కు, బొగ్గు, నౌకలు, వలసరాజ్యములు మొదలగు కారణముల నెన్నింటినో లెక్కించిరి. ఆ దేశముల పిల్లల పక్కలలో ఏ భేదమును లేదన్న సంగతిని కూడ లెక్కలో చేర్చవలసినదని నా మనవి.

రాజర్స్ ఇంటికి వ్రాసిన జాబులను ఆ కుటుంబము పోగొట్టుకొనలేదు. వానిలో నొకదానియందు ఆతడు, ఎలుగుబంటి ఇంకను తనయొద్దనే యున్నదనియు, మురికి పట్టినదనియు, వెనుక కాళ్లు కొంత వదులైనవనియు, అయినను తనతోనే యున్నదనియు కుమార్తెకు చెప్పుమని వ్రాసినాడు. ఇంతే. ఈ మాటలయందు అలంకారము లేదు, ఆవేశము లేదు. కాని ఈ జాబు పుట్టిన పరిస్థితిని కొంచెము తలచుకొనుడు. సైనికుడు తానెచట ఉన్నది వ్రాయరాదు. ఎందరు చచ్చినది వ్రాయరాదు. దళము ఎటు కదలనున్నది వ్రాయరాదు. వ్రాసినను సెన్సారు అధికారి నీలిపెన్సిలుతో కొట్టివేయును. అధికారి విడిచిపెట్టినను, పొలము పనులు ఒంటిచేతితో ఈడ్చుకొనివచ్చుచున్న భార్యకు, నిదురలో ఉలికిపడు బిడ్డకు, తాను చూచినదానిని వ్రాయుటకు ఏ తండ్రికి చేయి వచ్చును? తన ఒడలి సంగతి వ్రాయుటకు ఇన్ని అడ్డంకులు కలవు. ఎలుగుబంటి సంగతి వ్రాయుటకు అడ్డంకి లేదు. మురికి పట్టినదన్నాడు, కాళ్లు సడలినవన్నాడు, ఇంకను ఉన్నదన్నాడు. ఎయిలీన్‌కు ఇది బొమ్మ క్షేమసమాచారము. ఆమె తల్లి దానిని మరియొక విధముగ చదివియుండునని నేను నమ్ముచున్నాను.

ఇక ఆ తండ్రి చివరకు చేరిన చోటు. బెల్జియము దేశమున ఈప్ర్ పట్టణమునకు ఎదురుగా పాషెండేల్ అను గ్రామము కలదు. 1917 జూలై 31వ తేదీన అచట బ్రిటిషు సేనలు ప్రారంభించిన సంగ్రామము నవంబరు 10వ తేదీవరకు, అనగా నూరు దినములకు పైబడి సాగినది. ఆ నేల స్వభావతః పల్లపునేల. తరతరముల రైతులు కాలువలు త్రవ్వి, గట్లు వేసి, నీటిని మళ్లించి సాగునకు తెచ్చుకొన్నది. ముందస్తుగా కురిపించిన నలుబది లక్షలకు మించిన ఫిరంగిగుండ్లు శత్రువును ఎంత బాధించినవో గాని, ఆ కాలువల నన్నింటిని ఛిన్నాభిన్నము చేసినవి. అటుపిమ్మట వానలు దిగినవి. నీరు పోవుటకు మార్గము లేక, గుండ్లు పడిన ప్రతి గోతిలోను నిలిచి, మైళ్లకొలది నేల ఊబియైపోయినది. సైనికులు నడచుటకు చెక్కపలకలను పరచి బాట వేసిరి. ఆ పలకనుండి కాలుజారినవాడు, వీపుమీది మూటతో, తుపాకితో, బురదలో మునిగి మరణించిన సందర్భములు కలవు. మంచిదారిలో ఇద్దరు మోయు డోలీని ఆ బురదలో ఆరుగురును ఎనమండుగురును మోయవలసివచ్చెడిది. మోకాలిలోతు దిగబడుచు కొలదిదూరము తెచ్చుటకే గంటలు పట్టెడివి. యుద్ధమునందు వైద్యసేవయనగా మందులును కట్లును మనకు స్ఫురించును. పాషెండేల్‌నందు వైద్యసేవయనగా ముఖ్యముగ మోత.

అక్టోబరు 26న కెనడా సేన రంగమున దిగెను. సేనాపతి ఆర్థర్ కరీ ఈ దాడిని ఆదినుండియు ఇష్టపడలేదు. దీనికి పదునారువేలమంది బలియగుదురని ముందే అంచనా వేసి చెప్పెను. ఆ పోరు ముగియునాటికి చచ్చినవారును గాయపడినవారును కలిసి 15,600కు పైబడిరి. ఇంత సరిగా అంచనా వేయగలిగియు ఆపలేకపోయిన సేనానాయకుని మనస్సు ఎట్టిదో ఊహించుటకే భయమగును.

అక్టోబరు 30న రెండవ దాడి. ఆనాడు అయిదవ మౌంటెడ్ రైఫిల్స్ ముందుబారున ఉండెను. ఆ దళముననే మేజర్ జార్జి పియర్క్స్ అను నాయకుడు తొడకు గాయము తగిలినను వెనుకకు మరలక, చేతిలో మిగిలిన కొలదిమందితో వేపర్ ఫారమ్ అను చోటును పట్టుకొని, సహాయమందువరకు నిలుపుకొని, విక్టోరియా క్రాసు పతకమునకు పాత్రుడాయెను; తరువాతి కాలమున కెనడాకు రక్షణమంత్రియు నాయెను. ఆ దినముననే, ఆ దళముననే, లెఫ్టినెంటు రాజర్స్ గాయపడినవారికి ఉపచారము చేయుచు మరణించెను. ఆతని జేబులో ఎలుగుబంటి ఉన్నది.

మృతుని ఒంటిమీది వస్తువులను ఏరి, మూటగట్టి, ఇంటికి పంపుట సైన్యమున నున్న ఆచారము. అట్లు ఎలుగుబంటి మరల సముద్రము దాటి ఈస్ట్ ఫార్నమ్ చేరినది. తాయెత్తు తిరిగివచ్చినది, కట్టించుకొన్నవాడు రాలేదు. పదేండ్ల ప్రాయమున దానిని పంపిన బిడ్డకు అప్పటికి పండ్రెండేండ్లు దాటియుండును. ఆమె దానిని ఎట్లు చేతికి తీసికొన్నదో మనకెవ్వరును వ్రాసిపెట్టలేదు, వ్రాయకుండుటయే మేలైనది. కాని పారవేయలేదు. జాబులతోపాటు ఆ కుటుంబము దాచినది. ఈ ఇరువదియొకటవ శతాబ్దపు తొలి సంవత్సరములలో, ఆ సైనికుని మనుమల తరము పాత పెట్టె తెరచి వానిని బయటికి తీయువరకు అవి అట్లే కలిసియుండెను. పిమ్మట వారు దానిని దేశమునకు సమర్పించిరి.

సైనికుల వస్తువులను దాచు అలవాటు ప్రదర్శనశాలలకు కొత్త కాదు. ట్రఫాల్గర్ యుద్ధమున 1805 అక్టోబరు 21న ఆంగ్ల నౌకాసేనాని నెల్సన్ ధరించిన కోటు, ఎడమభుజముమీద తుపాకిగుండు దూసిన రంధ్రముతోసహా, గ్రీనిచ్‌లో నేటికిని చూడవచ్చును. 1845లో దానిని నూటయేబది పౌనులకు కొని ఇప్పించినవాడు సాక్షాత్తు విక్టోరియా రాణి భర్త. సరాజివో పట్టణమున 1914 జూన్ 28న హతుడైన ఆస్ట్రియా యువరాజు అంగరఖా, ఆతడు ప్రయాణించిన మోటారుతో కూడ, వియన్నా సైనిక ప్రదర్శనశాలలో ఉన్నది. వీనియెడ నాకు అనాదరము లేదు. ఆ అంగరఖాతో మొదలైన యుద్ధమే ఈ రైతును పొలమునుండి లాగినది. కాని నెల్సన్ కోటును ఎవరు దాచకపోయినను నెల్సన్ మరువబడడు. చరిత్ర ఆతని పేరు లేక సాగదు. రాజర్స్‌కు ఈ ఎలుగుబంటి తప్ప వేరు చరిత్రకారుడు లేడు. కెనడానుండి పోయి ఆ ప్రపంచసంగ్రామమున మడిసినవారు అరువదివేలకు పైబడుదురు. వారి పేర్లను రాళ్లమీద చెక్కినారు గాని, వారిలో ఒక్కొక్కడును ఒక్కొక్క ఇంటివాడని రాతిమీద చెక్కుట ఎవరితరము?

ఇచట ప్రదర్శనశాలలవారి వృత్తిధర్మమును గూర్చి నాకు గౌరవము కలిగించిన ఒక అంశమును విశదీకరించెదను. ఆ బొమ్మకు రెండు గాజుకన్నులు కుట్టుట, గుడ్డతో రెండు కాళ్లు చేసి అతికించుట, సూదిపని తెలిసినవారికి అరగంట పని. మన ఇండ్లలో నయినచో, ప్రేమచేతనే, ఆ పని చేసియుందుము. కడిగి ఆరవేసియు నుందుము. వారు చేయలేదు. జీర్ణోద్ధరణ వేరు, పరిరక్షణము వేరు. దేవాలయ గోపురము కూలినచో మరల కట్టవచ్చును, నిత్యపూజ సాగవలెను గనుక. కాని సాక్ష్యముగా నిలిచిన వస్తువునకు క్రొత్త అవయవము నతికించినచో అది సాక్ష్యముగా మిగులదు. వెనుక కాళ్లు సడలినవని తండ్రి వ్రాసినాడు. ఆ కాళ్లు ఇప్పుడు లేవు. జాబును, బొమ్మను ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు, ఆ జాబునకు తరువాత గడచిన కాలమంతయు ఆ లేని కాళ్లయందు మనకు కనబడుచున్నది. ఎవరైన దయతో కాళ్లు కుట్టియుండినచో ఆ కాలమంతయు తుడిచిపెట్టుకొని పోయెడిది. పాతగుడ్డకు వెలుతురు శత్రువు. నూలుపోగు రంగు వెలిసి, పెళుసెక్కి, రాలిపోవును. కావుననే వస్త్రములకు 50 లక్సులకు మించిన వెలుగు తగులనీయరాదని ఈ శాస్త్రము తెలిసినవారు నియమము పెట్టుకొన్నారు. అనగా మన ఇంటి సాయంకాలపు దీపముకంటె నెక్కువ కాని వెలుగు. అట్టి మసకవెలుతురులో చూచువారు వంగి, దగ్గరకు పోయి చూడవలసివచ్చును. దానివలన నష్టమేమియు లేదు.

వస్తువు ఒంటరిగా మాటలాడదు. ఆ ఎలుగుబంటి జాబులు లేక దొరకియుండినచో, కాళ్లు లేని ఒక బొమ్మ. ఇంతకంటె చెప్పగలవారు లేరు. జాబులు బొమ్మ లేక దొరకియుండినచో, వేలకొలది సైనికుల జాబులలో మరికొన్ని. ఇట్టిదే మరియొక దృష్టాంతము మన దేశమునకు సంబంధించినది కలదు. ఆంగ్లకవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1918 నవంబరు 4న, యుద్ధము ముగియుటకు సరిగా వారము దినములముందు, ఫ్రాన్సు దేశమున ఒక కాలువ దాటించు ప్రయత్నమున మరణించెను. సంధి జరిగినదని గంటలు మ్రోగుచున్న దినముననే ఆతని తల్లికి తంతి అందెను. రెండేండ్ల పిమ్మట ఆ తల్లి మన రవీంద్రుని కొక జాబు వ్రాసినది: తన కుమారుడు చివరిసారి ఇల్లు విడుచుచు గీతాంజలిలోని పంక్తులు చెప్పి పోయెననియు, తిరిగివచ్చిన ఆతని చిన్న పుస్తకములో ఆ పంక్తులు ఆతని చేతివ్రాతతోను, క్రింద రవీంద్రుని పేరుతోను కనబడినవనియు. ఆ జాబు వ్రాయబడకపోయినచో, వంగదేశపు గీతము ఒక ఆంగ్లసైనికుని జేబులో ఫ్రాన్సు కందకములకు పోయిన సంగతి మనకు ఇంత నిండుగ తెలిసియుండెడిది కాదు.

మరి మనవారి జేబులలో ఏమున్నవి? ఈ ప్రశ్నను అడుగుటకే నేను ఇంతదూరము వచ్చితిని. ఆ సంగ్రామమునకు భారతదేశమునుండి పదిలక్షలకు మించి సముద్రము దాటి పోయిరి. డెబ్బదివేలకు పైగా తిరిగిరాలేదు. రాజర్స్ మరణించిన ఈప్ర్ రంగముననే, ఆతనికి మూడేండ్లముందు, 1914 అక్టోబరు 31న హొలెబెకె గ్రామమువద్ద, ఖుదాదాద్ ఖాన్ అను సిపాయి తనవారందరు పడిపోయినను తుపాకి విడువక పోరాడి, విక్టోరియా క్రాసు పొందిన మొదటి భారతీయ సైనికుడాయెను. మద్రాసు సాపర్సు దళములలో మన తెలుగువారును ఉండిరి. మెసపొటేమియా ఎండలలో వంతెనలు కట్టిన చేతులలో మనవారి చేతులును కలవు. పశ్చిమగోదావరిలోని మాధవరమును మిలిటరీ మాధవరమని లోకము పిలుచుచున్నది; ఆ యుద్ధమునుండి నేటివరకు తరము విడువక బిడ్డలను సైన్యమునకు ఇచ్చిన ఊరది. ఫ్రాన్సునుండి భారతసైనికులు వ్రాసిన జాబులను సెన్సారు కచేరీలో ఇంగ్లీషులోనికి తర్జుమా చేయించి, కొన్ని భాగములను నివేదికలలో చేర్చిరి. అవి నేడు లండనులో బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా ఉన్నవి. మూలములు పల్లెలకు పోయినవి. పల్లెలలో ఏమైనవి? వానకు తడిసినవి, చెదలు తిన్నవి, ఇల్లు మారినప్పుడు పాతసామానుతో అమ్ముడుపోయినవి. పరాయి ప్రభువు తన అనుమానము తీర్చుకొనుటకై తీసిన నకలు బ్రతికినది, తల్లికి వ్రాసిన అసలు చచ్చినది. నాకు దీనికంటె బాధ కలిగించు సంగతి మన చరిత్రరచనలో వేరొకటి లేదు.

కావున ఈ సభలోనున్న గ్రంథాలయ సంఘమువారికి నాదొక అభ్యర్థన. మీ జిల్లాలో ఇంకను ఇనుపట్రంకుపెట్టెలు కలవు. మూతమీద తెల్లరంగుతో పేరును, నంబరును, దళమును వ్రాసిన పెట్టెలు. ప్రథమ సంగ్రామమునాటివి మిగులక పోవచ్చును. బర్మాకును, ఆఫ్రికాకును, ఇటలీకిని పోయివచ్చినవారివి, తరువాత మన సరిహద్దులలో పోరాడినవారివి మిగిలియున్నవి. పతకములను ఎవరును పారవేయరు, వానిగూర్చి బెంగలేదు. మిగిలినదానిని అడుగుడు. జాబును కవరునుండి వేరుచేయకుడు. తేది లేని జాబునకు కవరుమీది తపాలాముద్రయే తేది. గుడ్డను ఉతుకకుడు, ఇస్త్రీ చేయకుడు. మరకయెంత విలువైనదో నేడు మనము నిర్ణయింపలేము. ఛాయాపటమువెనుక సిరాతో పేరు వ్రాయకుడు. అన్నిటికంటె ముఖ్యముగ, పెట్టెను చావడిలో పురుషులు తెరచి చూపినప్పుడు అంతటితో మరలి రాక, ఆ ఇంటి పెద్దముత్తైదువనో, వితంతువైన తల్లినో పిలిపించి కూర్చుండబెట్టి, పెట్టెలోని వస్తువులలో సైన్యము ఇచ్చినవేవి, ఇంటినుండి పోయినవేవి యని వేరువేరుగా అడిగి, వారు చెప్పిన మాటలను వారి పలుకుబడిలోనే, ఎవరు చెప్పినది, ఏనాడు చెప్పినదియు కూడ చేర్చి వ్రాసికొని, ఆ కాగితమును ఆ వస్తువుతోనే ఉంచుడు.